పిలాతు తెప్పించుకున్న నీళ్లు

ప్రతి ఆదివారం పూజలో ప్రసంగం ముగిశాక అందరం లేచి నిలబడి విశ్వాస సంగ్రహం చెబుతాం. చిన్నప్పుడు మా ఉపదేశి గారు బెత్తం చేతిలో పట్టుకుని కంఠతా పట్టించిన ప్రార్థన అది. అందులో యేసు ప్రభువు పేరు కాక మనుషుల పేర్లు రెండే వస్తాయి. ఒకటి మరియమ్మ పేరు. రెండోది పోంతు పిలాతు పేరు. పేతురు లేడు, పౌలు లేడు, మరే పునీతుడూ లేడు. రోము చక్రవర్తి తరఫున యూదయాను ఏలడానికి వచ్చి, యేసును సిలువ శిక్షకు అప్పగించిన ఒక ప్రభుత్వాధికారి పేరు మాత్రం తరతరాలుగా గుడిలో నిలబడి పలుకుతూనే ఉన్నాం.

ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి తహసీల్దారుగా రిటైరయ్యాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు సన్నబడుతుంది. పక్కనుండే నా భార్యకు ఈ సంగతి తెలుసు. ఆ ఒక్క మాటా తను కాస్త గట్టిగా పలికి నన్ను దాటిస్తుంది.

ఈ మధ్య మా విచారణకు, అంటే మా గుడి పరిధికి, చెందిన ఒకమ్మాయి గ్రూప్-2 పాసై డిప్యూటీ తహసీల్దారుగా ఎంపికైంది. పూజ అయ్యాక గుడి ముందు వేపచెట్టు కింద నన్ను ఆపి అడిగింది: "అంకుల్, రేపు ఉద్యోగంలో మన విశ్వాసానికి అడ్డమొచ్చే పని చెయ్యమంటే ఏం చెయ్యాలి?" ప్రార్థన చేసుకో తల్లీ, దేవుడే దారి చూపిస్తాడు అని చెప్పి పంపేశాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. చెప్పే ధైర్యమే లేకపోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు తేలికైనది చెప్పేస్తాను. నేను డిప్యూటీ తహసీల్దారునైన తొలి ఏడాది మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల డ్యూటీ పడింది. పల్నాడు వాళ్లకు వర్ణించి చెప్పక్కర్లేదు. ఊరూరి నుంచీ కదిలొచ్చే ప్రభలు, రాత్రంతా ఆ దీపాలు, ఇసుక వేస్తే రాలని జనం. శివరాత్రి చాలాసార్లు మా తపస్సు కాలం (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసపు రోజులు) లోపలో దాని అంచునో పడుతుంది. తపస్సు కాలం మొదలయ్యే రోజును మేమూ విభూది బుధవారం అనే అంటాం. మా అమ్మకు మాత్రం దిగులు పట్టుకుంది. "ఏరా, ఆ గుళ్లో నువ్వు నిలబడితే పాపం కాదూ?" అంది. నాకూ లోపల గుబులుగానే ఉండి ఫాదర్ గారిని అడిగాను.

ఆయన రాజుల రెండవ గ్రంథం అయిదో అధ్యాయం తెరిచి నామాను కథ చదివించారు. నామాను సిరియా రాజు సేనాధిపతి. ఎలీషా ప్రవక్త చెప్పినట్టు యోర్దానులో మునిగి కుష్ఠు నయం చేసుకుని, ఇక మీదట ఇశ్రాయేలు దేవుణ్నే కొలుస్తానన్నాడు. అయితే అతనికి ఒక చిక్కు ఉంది. రాజు తన దేవుడు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు ఇతని చేతి మీద ఆనుకుని వంగుతాడు. రాజు వంగితే ఇతనూ వంగాలి. ఆ ఒక్క విషయంలో దేవుడు నన్ను క్షమించాలి అని ప్రవక్త ముందు బతిమాలుకున్నాడు. ఎలీషా కోప్పడలేదు, ఉద్యోగం మానెయ్యమనలేదు. శాంతితో వెళ్లు అన్నాడు. అంతే.

నేనూ శాంతితోనే కొండకు వెళ్లాను. మంచినీళ్ల ట్యాంకర్లు ఎక్కడ ఆగాలో చూశాను, తప్పిపోయిన పిల్లల్ని మైకులో పిలిపించి తల్లుల చేతుల్లో పెట్టాను. ఆ తర్వాత జాతరలకూ ఉరుసులకూ లెక్కలేనన్ని డ్యూటీలు చేశాను. అందులో నా విశ్వాసం ఒక్క వెంట్రుక కూడా రాలలేదు. కాబట్టి ఆ పిల్లకు నా మొదటి మాట: బొట్టు, కొబ్బరికాయ, ప్రసాదం దగ్గర మనస్సాక్షిని ఖర్చు పెట్టుకోకు. దాని అవసరం వేరేచోట వస్తుంది.

మా కతోలికుల్లో పెద్ద పదవులెక్కిన వాళ్లు ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ఏం చేశారో నేను ఏళ్ల తరబడి వెతికి వెతికి చదివాను. ఎందుకు చదివానో తర్వాత చెబుతాను. అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ ఎఫ్. కెన్నెడీ 1960 సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాదరీల ముందు నిలబడి, నా పదవి నా మనస్సాక్షినో దేశ ప్రయోజనాన్నో బలి ఇవ్వమని అడిగే రోజే వస్తే రాజీనామా చేస్తాను అన్నాడు. మాట బాగుంది. కానీ అలాంటి పరిస్థితి తనకు వస్తుందని తాను అనుకోవడం లేదని కూడా ఆ నోటితోనే అన్నాడు. రాజీనామా అంత తేలిగ్గా చేతికందేది అందరికీ కాదు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఉన్న జూనియర్ అసిస్టెంటుకు ఆ సలహా ఇచ్చేముందు నేను పదిసార్లు ఆలోచిస్తాను.

సర్ థామస్ మోర్ దగ్గర ఎక్కువసేపు ఆగాను. 1529లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆయన్ని చాన్సలరుగా పెట్టుకున్నాడు. మతగురువులంతా క్రైస్తవ సంఘం మీద పెత్తనం రాజుకు ఒప్పజెప్పి లొంగిపోయిన మర్నాడే, 1532 మే 16న, మోర్ పదవి వదిలేశాడు. ఆ తర్వాత ఆయన వీరంగం ఏమీ వెయ్యలేదు. రాజును తిట్టలేదు, ఊరేగలేదు, నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు. మౌనంగా ఉన్నవాణ్ని చట్టం శిక్షించజాలదన్నది ఆయన లాయరు బుర్రకు తెలిసిన ఆసరా. ఆ ఆసరా కూడా నిలవలేదు. రాజే సంఘానికి అధిపతి అని ఒప్పుకోలేదని 1535 జులై 6న తల నరికారు. నాలుగు వందల ఏళ్లకు, 1935లో, పునీతుడయ్యాడు. 2000లో రెండవ జాన్ పాల్ పోపు గారు ఆయన్ని పాలకులకూ రాజకీయ నాయకులకూ పాలక పునీతుడిగా ప్రకటించారు.

మా గుళ్లలో చెప్పే కథ ఇక్కడికి ఆగిపోతుంది. నేను ఆగలేకపోయాను. అదే మోర్ చాన్సలరుగా ఉన్న ఆ రెండున్నరేళ్లలో ఇంగ్లండులో ఆరుగురిని మతద్రోహులని కట్టెల మీద నిలబెట్టి కాల్చారు. అందులో కొందరిని పట్టించడంలో ఆయన చెయ్యి నేరుగానే ఉంది. ఆ పని కూడా ఆయన మనస్సాక్షితోనే చేశాడు. అబద్ధపు బోధ ఆత్మల్ని నరకానికి ఈడుస్తుందని నిజంగా నమ్మాడు. ఒకే మనిషి, ఒకే మనస్సాక్షి. ఒకసారి దానికి తన తలతో మూల్యం చెల్లించాడు, అంతకుముందు ఎదుటివాడి ప్రాణంతో చెల్లించాడు. ఆయన్ని పునీతుడిగా తలుచుకునేటప్పుడు నేను మొదటి దానికే దండం పెడతాను. నాకు ఒక కొలబద్ద దొరికింది ఇక్కడే. ఎవరైనా నా మనస్సాక్షి ఒప్పుకోలేదు అంటే, సరే, దానికి మూల్యం ఎవరు చెల్లించారు అని అడగడం నేర్చుకున్నాను.

ఆ కొలబద్దతో చూస్తే చాలా విషయాలు విడిపోతాయి. మా వాళ్ల చర్చలన్నీ తిరిగే గర్భస్రావం సంగతి కూడా. పుట్టబోయే బిడ్డ ప్రాణం దేవుడిదని నేను నమ్ముతాను, దాచుకోను. 1971 నుంచీ మన దేశంలో దానికి చట్టం ఉంది. మత కారణం ఒక్కటే చూపి డాక్టరు ఆ సేవ నిరాకరించకూడదని 2002 నాటి వైద్య మండలి నియమాలు అంటున్నాయి. అలాంటప్పుడు కతోలిక డాక్టరు చేయాల్సింది ఏ విభాగంలో చేరాలో ముందే ఎంచుకోవడం, పై అధికారికి ముందే చెప్పడం. దానివల్ల ప్రమోషను పోతే పోనివ్వాలి. అర్ధరాత్రి రక్తం కారుతూ వచ్చిన ఆడమనిషిని బల్ల మీద ఉంచి అప్పుడు మనస్సాక్షి గుర్తు తెచ్చుకోవడం మాత్రం నేను ఒప్పుకోలేను. అక్కడ మూల్యం చెల్లించేది ఆమె.

బెల్జియం రాజు బౌదుయిన్ కథ వేరు. 1990లో ఆ దేశ పార్లమెంటు గర్భస్రావ చట్టం చేసింది. రాజు సంతకం లేనిదే అది అమల్లోకి రాదు. బౌదుయిన్ నిష్ఠగల కతోలికుడు, ఆ దంపతులకు పిల్లలు లేరు. దేశంలో అందరికీ ఉన్న మనస్సాక్షి స్వేచ్ఛ నాకొక్కడికే లేదా అని ప్రధానికి ఉత్తరం రాశాడు. ప్రధాని మార్టెన్స్ కూడా కతోలికుడే. ఆయన ఒక దారి కనిపెట్టాడు. రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని ఏప్రిల్ 4న మంత్రివర్గం ప్రకటించి తనే సంతకం పెట్టింది. మర్నాడు పార్లమెంటు రాజును మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టింది. 2024 సెప్టెంబరులో ఫ్రాన్సిస్ పోపు గారు ఆ రాజు సమాధి దగ్గరికి వెళ్లి ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

పోపు గారు మెచ్చుకున్నదాన్ని నేను తక్కువ చేయడం లేదు. రాజు ప్రజల నిర్ణయాన్ని అడ్డుకోలేదు, తన నిర్ణయాన్ని ఎవరి నెత్తినా రుద్దలేదు, గద్దె పోయినా పోనీ అనుకునే ఉత్తరం రాసి ఉంటాడు. కానీ ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు ఊపిరాడదు. చట్టం ఆగలేదు. ఆయన చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం నాకు తెలుసు. నేనూ ఒకసారి అలాగే చెయ్యి శుభ్రంగా ఉంచుకున్నాను.

ఇప్పుడు నా సంగతి.

ఒక మండలంలో తహసీల్దారుగా ఉండగా ఒకరోజు జిల్లా కార్యాలయం నుంచి ఒక ఆకాశరామన్న ఉత్తరం విచారణకు వచ్చింది. డీఎస్సీలో ఎస్సీ కోటాలో టీచరు ఉద్యోగం సంపాదించిన ఫలానా కుర్రాడు నిజానికి క్రైస్తవుడు, కాబట్టి అతని కులధ్రువీకరణ పత్రం చెల్లదు, విచారించండి అని సారాంశం. పేరు చూడగానే నా చెయ్యి చల్లబడింది. ఆ కుర్రాడు నాకు తెలుసు. నేను ఆదివారం పూజకు వెళ్లే గుడికే వాళ్లూ వస్తారు. క్రిస్మసు రాత్రి హార్మోనియం వాయించేది అతనే.

ఈ చట్టం సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితా ఇచ్చింది. అందులో మూడో పేరా, హిందూ మతం తప్ప వేరే మతం అవలంబించే వారెవరినీ షెడ్యూల్డు కులస్థులుగా ఎంచరాదు అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పేరాలో కలిపారు. క్రైస్తవులనూ ముస్లింలనూ ఇప్పటికీ కలపలేదు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న దళితులకు బీసీ-సీ అని ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్సీలకు పదిహేను. ఆ తేడా ఒక కుటుంబం బతుకులో ఎంత తేడా తెస్తుందో లెక్కలు వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే పల్లెల్లో వేల ఇళ్లల్లో బడి రికార్డులో ఒక మతం, గుండెల్లో ఒక మతం. ఈ కుర్రాణ్ని బడిలో వేసిన రోజు వాళ్ల నాన్న రిజిస్టరులో హిందూ అని రాయించి, ఇంటికొచ్చి మరియమాత పటం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడట. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మరి నేను? నేను రెడ్ల ఇంట్లో పుట్టాను. 18వ శతాబ్దంలో జెస్విట్ గురువులు వచ్చిన రోజుల్లోనే మా పూర్వీకులు జ్ఞానస్నానం తీసుకున్నారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. మతం మారాక కూడా మా పొలం మాదే, మా అరుగు మాదే, మా కులం మాదే. నా సర్వీసు రిజిస్టరులో మతం ఎదురుగా క్రైస్తవుడు అని దర్జాగా రాసుకున్నాను. అలా రాసుకున్నందుకు నాకు పైసా నష్టం లేదు. అదే మాట రాసుకుంటే అతని ఉద్యోగం పోతుంది. ఒకే గుడి, ఒకే సత్ప్రసాదం, ఒకే మాట. నాకు అది ఊరికే వచ్చింది, అతనికి దాని ఖరీదు ఒక జీవితం.

మూడు రాత్రులు నిద్రపోలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే అతని కూడు తీసినట్టు. లేదని రాస్తే అబద్ధం, ప్రమాణానికి ద్రోహం. టీవీలో మంత్రుల ప్రమాణ స్వీకారం చూసేవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది: కర్తవ్యాలను శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో నిర్వహిస్తానని. అది మంత్రుల ప్రమాణం, నాది కాదు. అయినా ఆ మాట నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. నాలుగో రోజు ఒక ఉపాయం తట్టింది. పై అధికారికి ఉత్తరం రాశాను. సదరు వ్యక్తి నా మతస్థుడు, నేను వెళ్లే గుడికే వస్తాడు, పక్షపాతం చూపానన్న అపవాదు రాకుండా ఈ విచారణను వేరొక అధికారికి అప్పగించవలసిందిగా మనవి. ఆయన ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. "మీలాంటి వాళ్లే ఉండాలండీ డిపార్టుమెంటులో" అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రే నన్ను ఇప్పటికీ పీడిస్తోంది.

పక్క మండలం తహసీల్దారు వచ్చి ఒక్క మధ్యాహ్నంలో పని ముగించారు. ఆయన చెడ్డవాడు కాదు. చట్టం అడిగింది చూశారు, చూసింది రాశారు. గోడమీది మరియమాత పటానికి ఫోటో తీయించారు. మా విచారణ గురువును అడిగితే జ్ఞానస్నానం రిజిస్టరు నకలు ఇచ్చారు. గురువు అబద్ధం చెప్పలేడు కదా. సర్టిఫికెట్ రద్దయింది, ఉద్యోగం పోయింది. కుర్రాడు అప్పీలుకు వెళ్లినా ఫలితం లేకపోయింది. ఆ మొత్తం ఫైలులో నా సంతకం ఒక్కచోటే ఉంది, నాకు వద్దు అన్నచోట.

లూకా సువార్త ఇరవై మూడో అధ్యాయం ఆ తర్వాత ఎన్నిసార్లు చదివానో. మేమంతా పిలాతు అనగానే, యేసు చావులో తన తప్పేమీ లేదంటూ ఆయన చేతులు కడుక్కున్న నీళ్ల గిన్నె గుర్తు తెచ్చుకుంటాం. ఆ నీళ్లు మత్తయి సువార్తలో, చివర్న వస్తాయి. అంతకంటే ముందు ఆయన చేసిన పని ఒకటుంది. ఈయన గలిలయ వాడు అని ఎవరో అనగానే పిలాతుకు ప్రాణం లేచొచ్చింది. గలిలయ హేరోదు పరిధి. హేరోదు ఆ రోజుల్లో యెరూషలేములోనే ఉన్నాడు. ఇంకేం, ముద్దాయిని అక్కడికి పంపించేశాడు. పరిధి కాదని ఫైలు బదిలీ చేశాడు. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నేను చేసిందీ అదే. పేతురు అన్నట్టు ఆయనెవరో నాకు తెలియదు అనలేదు, యూదాలాగా డబ్బు తీసుకోలేదు. మర్యాదగా, నియమాల ప్రకారం, హేరోదు దగ్గరికి పంపించాను.

కతోలిక పీఠాధిపతుల రెండవ వాటికన్ మహాసభ 1965లో అంతరాత్మ గురించి ఒక అందమైన మాట చెప్పింది. అది మనిషి అంతరంగంలోని గర్భగుడి, అక్కడ మనిషి దేవుడితో ఏకాంతంగా ఉంటాడు అని. నేను దాన్ని తప్పుగా చదువుకున్నాను. ఏకాంతం అన్న మాట పట్టుకుని తలుపు వేసుకున్నాను. నా ఆత్మకు మచ్చ పడుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఆ లోపల తిరిగింది. తలుపు బయట ఒక మనిషి దరఖాస్తు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రభుత్వ కుర్చీలో కూర్చున్నవాడి గర్భగుడికి ఆ మనిషిని లోపలికి రానిచ్చే తలుపు ఉండాలి. లేకపోతే అందులో ఉన్నది దేవుడో, మన భయమో చెప్పడం కష్టం.

అయితే ఏం చెయ్యమంటారు, అబద్ధం రాయమంటారా అని నాతోటి ఉద్యోగులు అడుగుతారు. కాదు. చట్టం నిలబడనిదాన్ని నిలబడుతుందని రాయమని నేను అనను. జాలిపడి ఒకరికి అబద్ధం రాసిన తహసీల్దారు రేపు పగబట్టి ఇంకొకరికి రాస్తాడు. నేను అంటున్నది వేరు. రిపోర్టులో చట్టం అడిగినదానికి జవాబు రాశాక, చట్టం అడగని నిజానికి కూడా చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసింది మనమే.

ఎందుకంటున్నానో చెబుతాను. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడ క్రైస్తవుడు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకులు హిందూ చెప్పులు కుట్టేవాళ్లకు ఇచ్చి తనకు ఇవ్వలేదని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. మతం మారినా కులం కొనసాగుతుందని చూపడం చాలదు, హిందూ సమాజంలో ఉన్నంత తీవ్రంగా ఆ బాధలూ వెనుకబాటూ క్రైస్తవంలోనూ ఉన్నాయని రుజువు కావాలి, ఆ రుజువు మా ముందు లేదు అంది కోర్టు. రుజువు లేదట! నలభై ఏళ్లుగా ఈ మాట నా చెవిలో మోగుతోంది. ఆ రుజువు ఎక్కడ తయారవ్వాలి? పల్లెకు వెళ్లి గడప చూసి వాంగ్మూలం రాసే తహసీల్దారు కలం కింద కాదా? మేము మరియమాత పటాలు లెక్కపెట్టి రాశాం. టీ కొట్టు దగ్గర విడిగా పెట్టిన గ్లాసులు లెక్కపెట్టలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, పసిబిడ్డగా జ్ఞానస్నానం పొంది గుడికి వెళ్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఆమె అడిగింది అప్పర్ డివిజన్ క్లర్కు ఉద్యోగం. మోసం అన్న మాట చదివినప్పుడు నాకు పటం ముందు మోకరిల్లి ఏడ్చిన ఆ తండ్రి గుర్తొచ్చాడు. ఆయన ఎవర్ని మోసం చేశాడు?

కోర్టునొక్కదాన్నే అని లాభం లేదు. మా వాళ్ల మాట కూడా చెప్పాలి. మా సొంత ఊళ్లో మా తాతల కాలంలో గుడిలో మావాళ్లు ముందు కూర్చునేవారు, పల్లెవాళ్లు వెనక. సమాధుల తోటకు రెండు దారులు. గోడ ఇప్పుడు కూలిపోయింది గానీ, ఎవరు ఎటు పడుకోవాలో ఇప్పటికీ అందరికీ తెలుసు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో ఒక పత్రంలో, కోటీ తొంభై లక్షల కతోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులేనని చెబుతూ కతోలిక సంఘంలోనే అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు మా పల్లెలో పటాసులు కాల్చారు. తొలి దళిత కార్డినల్, మన తెలుగువాడు. ఆ రాత్రి నేనూ సంతోషించాను. మావాళ్లలో కొందరి ముఖాలు ఎందుకు మాడాయో కూడా చూశాను.

న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ గురించి ఆ పిల్లకు ప్రత్యేకంగా చెప్పాలనుంది. కేరళ కతోలికుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. 2015లో హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల సదస్సును పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నుంచి పెట్టినప్పుడు, ఇది సరికాదని ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. వ్యక్తి ప్రయోజనం ముఖ్యమా సంస్థ ప్రయోజనం ముఖ్యమా అని జవాబు వచ్చింది. ఆ జవాబు నాకు నచ్చలేదు గానీ, ఆయన రాసిన ఉత్తరం వల్ల ఏ కక్షిదారూ నష్టపోలేదు, మాట పడింది ఆయనే. అంతకంటే నన్ను కదిలించింది 2018 నవంబరు 28. రిటైర్మెంటుకు ముందురోజు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక ఉరిశిక్ష కేసులో ముగ్గురు న్యాయమూర్తులూ శిక్ష తగ్గించారు. కురియన్ ఒక్కరే ఇంకో అడుగు వేసి, ఉరిశిక్ష ఉండాలా వద్దా అని దేశం మళ్లీ ఆలోచించే సమయం వచ్చిందని రాశారు. మిగతా ఇద్దరూ ఆ మాటతో ఏకీభవించలేదు. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్సిస్ పోపు గారు ఉరిశిక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ తగదని కతోలిక బోధలన్నీ ఉండే సత్యోపదేశ గ్రంథాన్ని మార్పించారు. దాని వల్లే ఈయన అలా రాశారని నేను అనను, ఆయన మనసు నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసింది తీర్పులోని దారి. లా కమిషన్ 262వ నివేదిక చూపించారు, ఈ శిక్ష ఒకరికి పడి ఒకరికి పడకపోవడంలో ఉన్న అన్యాయం చూపించారు. దేవుణ్ని నమ్మనివాడు కూడా ఒప్పుకోగలిగినట్టో, కాదని వాదించగలిగినట్టో రాశారు. ఆ మాట ఓడిపోయింది. రికార్డులో ఉంది.

నాకు కావాల్సింది అదే, రికార్డులో ఉండటం. నేను కేసు వదులుకోకుండా ఉండి, నా మతం ఏమిటో మొదటి వాక్యంలోనే చెప్పి, విచారణ చేసి ఉండాల్సింది. పక్షపాతం అని నా మీద అర్జీలు పడేవి. బహుశా బదిలీ అయ్యేది. ఆ కుర్రాడి ఉద్యోగం అయినా నిలిచేది కాదేమో. కానీ ఆ మూల్యంలో నా వాటా కొంత ఉండేది.

పోయిన తపస్సు కాలంలో అతని ఇంటికి వెళ్లాను. ఇప్పుడు నలభై దాటాడు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాడు, ఇప్పటికీ గుడిలో హార్మోనియం వాయిస్తాడు. వాళ్లమ్మ "రాండయ్యా" అంటూ కుర్చీ తుడిచి వేసింది. తుడవడం చూసి నాకు ఇంకా సిగ్గేసింది. ఆ రోజు నేను ఫైలు పంపించేశానని, తప్పు చేశానని చెప్పాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం కూడా కనబడలేదు. చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు: "మీరే వచ్చుంటే ఏం రాసేవారు సార్?"

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలా కాగితాలు చించేసి, అప్పట్లో నేను రాయాల్సిన రిపోర్టును ఇప్పుడు రాశాను. ఒక ప్రతి అతనికి ఇచ్చాను. రెండోది డిప్యూటీ తహసీల్దారు కాబోతున్న ఆ అమ్మాయికి ఇస్తాను.

"సదరు ఫిర్యాదుపై నేను స్వయంగా గ్రామానికి వెళ్లి విచారించితిని. విచారణాధికారి కతోలికుడు, సదరు వ్యక్తి వచ్చే గుడికే వచ్చువాడు అని ముందుగా తెలియజేయడమైనది. సదరు వ్యక్తి ఇంటిలో మరియమాత పటము, సిలువ ఉన్నవి. అటువంటివే విచారణాధికారి ఇంటిలోనూ ఉన్నవి. జ్ఞానస్నానము రిజిస్టరులో సదరు వ్యక్తి పేరు ఉన్నది, నకలు జతపరచడమైనది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఈ ధ్రువీకరణ పత్రము నిలువదు. అయితే సదరు కుటుంబము ఊరికి తూర్పున పల్లెలో నివసించుచున్నది. తండ్రి ముప్పై ఏండ్లుగా విచారణాధికారి కులస్థుల పొలములో పాలేరు. టీ కొట్టులో వీరికి గ్లాసు వేరుగా ఉంచబడినది, విచారణ రోజు సాయంత్రం నేను కళ్లారా చూచితిని. గుడి సమాధుల తోటలో వీరి సమాధులు గోడ అవతల ఉన్నవి. మతము మారినందున వీరి పట్ల అంటరానితనము మారినట్లు విచారణలో ఎక్కడనూ కనబడలేదు. వాంగ్మూలములు ఏడు, టీ కొట్టు ఫోటో ఒకటి, సమాధుల తోట కొలతలతో స్కెచ్ ఒకటి జతపరచడమైనది."